అమ్మాయిల సైన్స్ కార్యక్రమంలో నెలసరి పాఠం ఎందుకు?

మూడోబెంచీ:
మా అమ్మాయి బడిలో 13 నుంచి 16 ఏళ్ల ఆడపిల్లల కోసం ఒక కార్యక్రమం అనుకుంటున్నారు. పొద్దున డాక్టర్ వచ్చి నెలసరి, రక్తహీనత, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి చెబుతారు, మధ్యాహ్నం ఒక మహిళా శాస్త్రవేత్త తన పని గురించి మాట్లాడతారు, ఆ తర్వాత ఏడాదిపాటు మెంటర్‌గా ఉంటారట. ఏర్పాట్లు చూసేవాళ్లలో నన్నూ వేశారు. రెండూ మంచివే, కాదనను. కలపడమే నాకు మింగుడుపడట్లేదు. మగపిల్లలకి సైన్స్ క్లబ్ అంటే రాకెట్లు, రోబోలు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి సైన్స్ కూడా గర్భాశయం దగ్గరే మొదలవ్వాలా? ఆరోగ్య పాఠం ఇంకో రోజు పెట్టుకోవచ్చు కదా అంటే మీటింగ్‌లో అందరూ నన్ను వింతగా చూశారు. నేనేమన్నా తప్పుగా అన్నానా?

సిరాచుక్క:
తప్పేం కాదు కానీ నా సంగతి చెబుతాను వినండి. పద్నాలుగో ఏట నుంచి నాకు నెలకి రెండు రోజులు కడుపులో మెలిపెట్టే నొప్పి. "అందరికీ ఉండేదే, ఓర్చుకో" అన్నవాళ్లే అందరూ. ఆ రెండు రోజుల్లో ప్రాక్టికల్స్ పడితే పక్కమ్మాయి రీడింగులు చూసి రికార్డు రాసేసేదాన్ని. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భాశయ కండరాన్ని బిగిసేలా చేస్తాయనీ, వాటి తయారీని తగ్గించే మందులు ఉన్నాయనీ నాకు 23 ఏళ్లకి తెలిసింది, అదీ ఏదో పరీక్షకి చదువుకుంటూ. పుస్తకంలో ఉన్నదీ నా కడుపులో జరిగేదీ ఒకటేనని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదండీ. అందుకే నాకు ఈ రెండూ వేరు వేరు విషయాల్లా అనిపించవు.

లెక్కలపిచ్చి:
మెంటర్ల విషయంలో నాకో అనుమానం. ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళ్లేవాళ్ల వల్ల ఎంత ఉపయోగం? ఫ్రాన్స్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. మహిళా శాస్త్రవేత్తలు హైస్కూలు తరగతుల్లో ఒక గంట మాట్లాడితే, 12వ తరగతి అమ్మాయిల్లో మగవాళ్లు ఎక్కువగా ఉండే గట్టి పోటీ సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లు 11 శాతం నుంచి 14.5 శాతానికి పెరిగారు. ఒక్క గంటకి అది తక్కువేం కాదు. కానీ 10వ తరగతి వాళ్ల ఎంపికల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. అంటే మీ 13 ఏళ్ల పిల్లలకి ఒక్క ఉపన్యాసం చాలదనే నా లెక్క.

ఇంకోటి. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, బాగా అలంకరించుకుని గులాబీ రంగు బట్టల్లో ఉన్న శాస్త్రవేత్తల గురించి చదివిన చిన్న తరగతుల అమ్మాయిలకి లెక్కల మీద ఆసక్తి తగ్గింది. అందమూ ఉండాలి, చదువూ ఉండాలి, ఈ రెండూ మనవల్ల కాదులే అనుకున్నారన్నమాట. కాబట్టి ఎవరిని పిలుస్తున్నారు, వాళ్లు ఎలా కనబడాలని చూస్తున్నారు అన్నది కాస్త ఆలోచించండి.

నిమ్మతొన:
అవును, ఫొటోలు దిగి వెళ్లిపోయే మెంటర్లని నేనూ చూశాను.

సెంట్రిఫ్యూజ్:
నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రాకెట్లు వర్సెస్ గర్భాశయం అన్న వాదన నాకు ఎక్కలేదు. సన్నటి గాజు గొట్టంలో నాలుగు చుక్కల రక్తం పోసి మెషిన్‌లో ఐదు నిమిషాలు తిప్పితే ఎర్రకణాలు అడుక్కి చేరతాయి, పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది, మధ్యలో తెల్లకణాల సన్నని గీత. మొత్తం రక్తం ఎత్తులో ఎర్ర భాగం ఎంత శాతముందో స్కేలుతో కొలవడమే పీసీవీ (ప్యాక్డ్ సెల్ వాల్యూమ్) పరీక్ష. ఇది ఫిజిక్సా, బయాలజీయా, ఆరోగ్య పాఠమా? హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని బోర్డు మీద రాసి వదిలేయకుండా ఆ గొట్టాన్ని పిల్లల చేతిలో పెట్టి చూడండి.

నెలసరిలో పోయే రక్తం సగటున 30–40 మిల్లీలీటర్లు, 80 దాటితే ఎక్కువ కింద లెక్క. ఈ అంకె తెలియని పిల్ల తనకి ఎక్కువ పోతోందని ఎవరికి, ఎలా చెబుతుంది? రక్తంలో అతి తక్కువ మోతాదులో ఉండే హార్మోన్లని కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతిని సాలమన్ బెర్సన్‌తో కలిసి తయారుచేసిన రోజలిన్ యాలో చదివింది అణుభౌతికశాస్త్రం. దానికే 1977లో ఆవిడకి వైద్యంలో నోబెల్ వచ్చింది.

అన్నట్టు హెచ్‌పీవీ టీకా మాట 13 ఏళ్లకి ఎత్తడం కాస్త ఆలస్యమే. డబ్ల్యూహెచ్‌ఓ ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకే వేయమంటోంది. ఇంకా చిన్న పిల్లల బ్యాచ్‌ని ముందు పిలవండి.

మూడోబెంచీ:
యాలో గారి సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఆ గొట్టంలో ఎవరి రక్తం పోస్తారు? తరగతిలో ఒకమ్మాయికి హిమోగ్లోబిన్ 8 వచ్చిందని పదిమందికీ తెలిస్తే ఆ పిల్ల మళ్లీ ఈ గదిలో అడుగుపెడుతుందా?

సెంట్రిఫ్యూజ్:
పిల్లల రక్తం వద్దే వద్దు. నాది పోస్తాను. పిల్లల పరీక్షలు ఇంట్లోవాళ్లకి చెప్పి, పిల్ల కూడా సరేనన్నాకే, విడిగా చేయాలి. ఫలితం వాళ్ల చేతికే ఇవ్వాలి.

పాతనోట్‌బుక్:
నేను పరిశోధకురాలిని, మెంటర్‌గా వెళ్లినదాన్ని కూడా. మొదటిసారి నా డిగ్రీలు, అవార్డులు, విదేశాల్లో సదస్సులు అన్నీ స్లయిడ్లలో పెట్టుకుని వెళ్లాను. గంట మాట్లాడాక ప్రశ్నలు అడగమంటే ఒక్క చెయ్యీ లేవలేదు, చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టారు. రెండోసారి స్లయిడ్లు మానేసి నా ల్యాబ్ నోట్‌బుక్ పట్టుకెళ్లాను. మూడు నెలల పాటు ఒకే ప్రయోగం పాడవుతూ వచ్చిన పేజీలు అందులో ఉన్నాయి, కొట్టివేతలు, మరకలు, ఒకచోట విసుగొచ్చి గీసిన పిచ్చిగీతలు. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. "ఇన్నిసార్లు పాడైతే మిమ్మల్ని తిట్టరా మేడం?" అని ఒకమ్మాయి. నవ్వు ఆగలేదు నాకు. ఇంకొకమ్మాయి మాత్రం అందరూ వెళ్లేదాకా తలుపు దగ్గర నిలబడి, మెల్లగా అడిగింది, "ఆ రోజుల్లో కూడా అన్ని గంటలు ల్యాబ్‌లో నిలబడగలరా? నేనైతే నిలబడలేను, అందుకే సైన్స్ వద్దనుకుంటున్నా."

మూడోబెంచీ గారూ, ఈ రెండూ కలపాలా వద్దా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం. ఆ పిల్ల మనసులో అవి ఎప్పుడో కలిసిపోయాయి, కలిసి సైన్స్ వద్దు అన్న నిర్ణయం కూడా అయిపోయింది. నేను మాత్రలు వేసుకుంటాననీ, స్టూలు లాక్కుని కూర్చుంటాననీ, నొప్పి మరీ ఎక్కువైనప్పుడు ఇంటికి వెళ్లిపోతాననీ ఉన్నదున్నట్టు చెప్పాను. తనకి నొప్పి అంత ఎక్కువగా ఉంటే డాక్టర్‌కి చూపించుకోమన్నాను, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) లాంటిది ఉంటే కనిపెట్టడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి. ఆ తర్వాత సైన్స్ తీసుకుందో లేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను మూడోసారి వెళ్లలేదు. అది నా తప్పే.

మూడోబెంచీ:
సరే, ఒకే రోజు పెట్టమనే చెబుతాను. కానీ రెండు షరతులు అడుగుతాను. పొద్దున డాక్టర్ మాట్లాడేటప్పుడు శాస్త్రవేత్త కూడా పిల్లలతోపాటు కూర్చోవాలి, మధ్యాహ్నం ఎంట్రీ ఇస్తే కుదరదు. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారో తేదీలు ముందే రాసివ్వాలి. ఇక రాకెట్లు ఆడపిల్లలకీ, నెలసరి పాఠం మగపిల్లలకీ కూడా కావాలి, ఆ గొడవ మీటింగ్‌లో మళ్లీ నేనే ఎత్తుతాను.

లెక్కలపిచ్చి:
తేదీల కాగితం మీద సంతకం కూడా తీసుకోండి.