మైక్ వెబ్‌స్టర్‌కు లీగ్ బాకీ పడిందా, లేక అది ఆయన తెలిసి ఎంచుకున్న దారేనా?

ప్లేనో పాఠకుడు:
అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఇక్కడ రాసేవారంతా బంతి విసిరి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ల గురించే రాస్తారు కాబట్టి, ఈసారి ఒక లైన్‌మన్ గురించి అడగాలనుకుంటున్నాను. మన ఊళ్లలో లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కే ఉద్యోగి. ఈ ఆటలో మాత్రం క్వార్టర్‌బ్యాక్ మీదికి ప్రత్యర్థులు దూసుకురాకుండా అడ్డుగోడలా నిలిచే అయిదుగురిలో ఒకరు. ఆ అయిదుగురిలో నడుమ నిలబడేవాడు సెంటర్. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించిన మరుక్షణమే అతను ఎదుటివాణ్ని ఢీకొనాలి.

1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టి, బంగాళాదుంపల పొలంలో పెరిగిన మైక్ వెబ్‌స్టర్ అటువంటి సెంటర్. 1974లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లోని పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు, కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఆయనను అయిదో రౌండులో ఎంచుకుంది. అక్కడ 15 సీజన్లు, కాన్సస్ సిటీ చీఫ్స్‌లో మరో రెండు సీజన్లు, మొత్తం 245 మ్యాచ్‌లు ఆడారు. నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్ మ్యాచ్‌లు, గెలిచిన జట్టులో ఉన్నారు. గడ్డకట్టే చలిలో కూడా చొక్కా చేతులు పైకి మడిచి మైదానంలోకి పరుగెత్తుకొచ్చే ఆయనను జనం 'ఐరన్ మైక్' అని పిలుచుకున్నారు. 1997లో ఈ ఆట మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

అప్పటికే ఆయన మతి స్థిమితం తప్పింది. ట్రక్కులోనో, ఏదో ఒక రైల్వే స్టేషన్లోనో రాత్రుళ్లు గడిపేవారు. నొప్పులతో నిద్ర పట్టక, పోలీసులు వాడే టేజర్‌తో తన ఒంటికి తానే షాక్ ఇచ్చుకుని స్పృహ కోల్పోయేవారు. ఊడిన పళ్లను సూపర్ గ్లూతో అతికించుకునేవారు. 2002 సెప్టెంబర్ 24న, 50 ఏళ్ల వయసులో పిట్స్‌బర్గ్‌లో గుండెపోటుతో మరణించారు. పోస్ట్‌మార్టం చేసిన నైజీరియా వైద్యుడు బెన్నెట్ ఒమాలు, పైకి మామూలుగా కనిపించిన ఆ మెదడును పొరలు పొరలుగా కోయించి, రంగులద్ది చూసినప్పుడు, బాక్సర్లలో మాత్రమే ఎక్కువగా చూసిన దెబ్బల జబ్బు అందులో కనిపించింది. దానినే ఇప్పుడు సీటీఈ అంటున్నారు. లీగ్ ఆయనకు బాకీ పడిందనే నా అభిప్రాయం. మీరేమంటారు?

అట్లాంటా వాసి:
నేను ఒప్పుకోలేను. వెబ్‌స్టర్‌ను ఎవరూ బలవంతంగా 17 సీజన్లు ఆడించలేదు. మా నాన్నగారు సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేశారు. గనిలోకి దిగేవాడికి అది గని అని తెలుసు. ఒళ్లు గుల్ల చేసే ఆట అని తెలిసే లైన్‌మన్ కూడా రోజూ దిగుతాడు, దానికి తగిన జీతమూ తీసుకుంటాడు. వెబ్‌స్టర్ డబ్బు చెడ్డ పెట్టుబడుల్లో పోయింది, దానికి లీగ్ ఏం చేస్తుంది?

ఇంకొక మాట. 2017లో వచ్చిన అధ్యయనంలో 111 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందికి సీటీఈ ఉందని తేలిందని అందరూ చెబుతారు గాని, అవన్నీ కుటుంబాలు దానమిచ్చిన మెదళ్లు. ఇంట్లో మనిషి మారిపోవడం కళ్లారా చూసినవాళ్లే ఎక్కువగా దానమిస్తారు కదా. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో 10,363 స్నాప్‌లు (సెంటర్ బంతి అందించడంతో మొదలయ్యే ఆట ఘట్టాలు) ఒక్కటి కూడా వదలకుండా వరసగా ఆడిన జో థామస్ ఆట మానేసి, ఆట కోసం పెంచిన బరువును తగ్గించుకుని, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఆయనా లైన్‌మనే.

క్లీవ్‌లాండ్ వైద్యుడు:
దానమిచ్చిన మెదళ్ల గురించి అట్లాంటా వాసి గారు చెప్పింది సరైనదే. ఆ 110 సంఖ్యను బట్టి ఆడినవారందరిలో ఎందరికి జబ్బు వస్తుందో లెక్కకట్టలేము. అయితే లైన్‌మన్‌కు తగిలే దెబ్బ ఎటువంటిదో తెలియకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

మెదడు పుర్రెకు అతుక్కుని ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. ముందుకు దూకిన తల ఒక్కసారిగా ఆగితే పుర్రె ఆగుతుంది గాని మెదడు వెంటనే ఆగదు, సాగి మెలితిరుగుతుంది. ఆ సాగుదలలో నరకణాల పొడవాటి పోగులు దెబ్బతింటాయి. ఆ పోగులను నిలిపి ఉంచే టౌ ప్రొటీన్ వాటి నుంచి ఊడి, ముద్దలు కట్టి, ఆట మానేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి వ్యాపిస్తుంది. విసిరిన బంతిని పరుగెత్తి పట్టుకునే రిసీవర్‌కు తగిలే పెద్ద దెబ్బను స్టేడియమంతా చూస్తుంది, డాక్టరు పరుగెత్తుకెళతాడు. లైన్‌మన్‌కు తగిలేది చిన్న దెబ్బ. అది దాదాపు ప్రతి స్నాప్‌కూ తగులుతుంది, దానికి ఆట ఆగదు. అతనికి స్పృహ తప్పదు, తల తిరగదు, అతను ఎవరితోనూ చెప్పడు. ఈ జబ్బు వచ్చేది ఎక్కువగా ఇటువంటి దెబ్బలు పోగుపడినందువల్లే.

వెబ్‌స్టర్ కాలంలో నియమాలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ఎదుటివాడి హెల్మెట్‌ను అరచేత్తో బాదడాన్ని 1977లో గాని నిషేధించలేదు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే పాస్ ఆటలో లైన్‌మన్ చేతులు చాచి, అరచేతులు తెరిచి అడ్డుకోవడానికి 1978లో గాని అనుమతి ఇవ్వలేదు. చేతులు గుండెకు దగ్గరగా ముడుచుకుని నిలబడవలసి వస్తే ముందుగా తగిలేది తల కాక మరేమిటి?

ఫ్రిస్కో తల్లి:
డాక్టరు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అబ్బాయికి 14 ఏళ్లు, మనిషి కాస్త దిట్టంగా ఉంటాడు. వాణ్ని లైన్‌లో ఆడిస్తామని కోచ్ అడిగితే, తోటి పిల్లల్లో కలుస్తాడని మేమూ సంతోషించాము. మొదటి మ్యాచ్ అయ్యాక కారులో "దెబ్బలేమైనా తగిలాయా నాన్నా" అని అడిగితే "ఏమీ తగల్లేదమ్మా" అన్నాడు. ఇంటికి వచ్చాక హెల్మెట్ తుడుద్దామని తీశాను. వాళ్ల హెల్మెట్లు తెల్లవి. నుదుటి దగ్గర, సరిగ్గా కనుబొమల పైన, అవతలి జట్టువాళ్ల ఎర్ర రంగు చారలుగా అంటుకుని ఉంది. ఒకటి రెండు కాదు, గోటితో గీకినా పోలేదు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడి లెక్కలో అవి దెబ్బలు కావు. లోపల ఏమవుతున్నదో అన్నేళ్లు ఆడిన వెబ్‌స్టర్‌కే తెలియనప్పుడు, తెలిసే ఎంచుకున్నాడని ఎలా అంటాము?

ప్లేనో పాఠకుడు:
అట్లాంటా వాసి గారికి సింగరేణి పోలికతోనే జవాబు చెబుతాను. బొగ్గు ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును మన దేశంలో చట్టమే వృత్తి వ్యాధిగా గుర్తించింది. గనిలోకి దిగేవాడికి గని సంగతి తెలుసునని మనం అనగలగడానికి ఆ గుర్తింపు కూడా ఒక కారణం. ఇక్కడ ఏం జరిగిందో చూడండి. 1994లో లీగ్ మెదడు గాయాల మీద కమిటీ వేసి, దానికి కీళ్ల వైద్యుణ్ని అధ్యక్షుడిగా పెట్టింది. ఒమాలు 2005లో వెబ్‌స్టర్ మెదడు గురించి 'న్యూరోసర్జరీ' పత్రికలో రాస్తే, ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని ఆ కమిటీ సభ్యులు పత్రికకు లేఖ రాశారు. ఈ ఆటకూ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు ఒప్పుకున్నది 2016లో.

అంతకంటే నన్ను కలచివేసేది మరొకటి ఉంది. ఫుట్‌బాల్ వల్లే వెబ్‌స్టర్ పూర్తిగా, శాశ్వతంగా పనికి అశక్తుడయ్యాడని ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల పింఛను బోర్డు 1999లోనే అంగీకరించింది. అంటే ఒక గదిలో కూర్చున్నవారు సంబంధం ఉందని సంతకం పెడుతుంటే, మరో గదిలో కూర్చున్నవారు లేదని వాదిస్తున్నారు. అక్కడా ఆ అశక్తత 1996లో మొదలైందని తేదీ వేసి తక్కువ పింఛను ఇచ్చారు. బోర్డు నియమించిన వైద్యుడు సహా పరీక్షించినవారంతా 1991 నాటికే ఆయన పనికి అశక్తుడయ్యాడని చెప్పినా వినలేదు. 2006 డిసెంబరులో అప్పీలు కోర్టు కుటుంబం పక్షాన తీర్పు ఇచ్చింది. రావలసిన సొమ్ము 15 లక్షల డాలర్ల పైమాటే. అప్పటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు దాటింది. పెట్టుబడులు ఎందుకు చెడ్డాయని అడిగేముందు, ఆ మెదడు ఎప్పటి నుంచి చెడుతూ వచ్చిందో కూడా అడగాలి కదా.

అట్లాంటా వాసి:
1999 నాటి బోర్డు నిర్ణయం సంగతి నాకు తెలియదు. అది తెలిశాక వెబ్‌స్టర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకు బాకీ పడ్డారు. అయితే ఈనాటి ఆటగాడికి ఆ వాదన వర్తించదు. 2011 ఒప్పందంతో సీజన్‌లో ఒంటికి ఒళ్లు తగిలే సాధనలను 14కు పరిమితం చేశారు. 2022 నుంచి శిక్షణ శిబిరాల్లో లైన్‌మన్‌లు హెల్మెట్ మీద మెత్తని తొడుగు వేసుకోవాలి. బాల్టిమోర్ రేవెన్స్ జట్టులో గార్డుగా, అంటే సెంటర్ పక్కన నిలబడే లైన్‌మన్‌గా, ఆడిన జాన్ అర్షెల్ 2017లో ఆ అధ్యయనం వచ్చిన రెండు రోజులకే, 26 ఏళ్ల వయసులో ఆట మానేసి, ఎంఐటీలో గణితం మీద పరిశోధన పూర్తి చేసి, అక్కడే అధ్యాపకుడయ్యాడు. అంతకుముందు కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు పని కొంతసేపు తప్పడం) తగిలినప్పుడు ఉన్నత గణితం కొంతకాలం తనకు పట్టుబడలేదని ఆయనే చెప్పాడు. తెలిసి మానుకున్నవాడు ఉన్నప్పుడు, తెలిసి ఆడేవాడి నిర్ణయాన్నీ గౌరవించాలి.

క్లీవ్‌లాండ్ వైద్యుడు:
పెద్దవాడి నిర్ణయాన్ని నేనూ గౌరవిస్తాను. కాని సీటీఈని ఈనాటికీ ఖాయంగా నిర్ధారించగలిగేది చనిపోయాక మెదడును కోసి చూసినప్పుడే. తన వంతు ఎంత పోగుపడిందో ఏ లైన్‌మన్‌కూ ఆడుతుండగా తెలిసే మార్గం లేదు. కాబట్టి "తెలిసి" అనే మాటను కొంచెం ఆచితూచి వాడాలి. అమ్మా, మీ అబ్బాయి విషయంలో కంకషన్ తగిలిందా అని మాత్రమే అడగకండి, వారానికి ఎన్ని రోజులు తలలు తగిలే సాధన చేయిస్తున్నారో అడగండి. ఆటలో కంటే సాధనలోనే దెబ్బల లెక్క సులభంగా తగ్గించవచ్చు.

ఫ్రిస్కో తల్లి:
సోమవారం సాయంత్రం కోచ్ గారిని కలుస్తున్నాను. అదే అడుగుతాను. హెల్మెట్ కూడా తుడవకుండా అలాగే తీసుకువెళతాను.