చర్చ: మహమ్మారి వేళ మాంసం ప్లాంట్లలో లైను వేగం తగ్గించవలసిందేనా?

చదువరి:
2020లో కోవిడ్ విజృంభించినప్పుడు అమెరికా, జర్మనీల్లోని మాంసం ప్రాసెసింగ్ ప్లాంట్లు పదేపదే వార్తలకెక్కాయి. ఆ ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్, ఈ ప్లాంట్లు ఆగకుండా చూసే అధికారాన్ని 1950 నాటి రక్షణ ఉత్పత్తి చట్టం కింద వ్యవసాయ మంత్రికి అప్పగించారు. అక్కడి పార్లమెంటు ఉపసంఘం 2021 అక్టోబరులో తేల్చిన లెక్క ప్రకారం, మొదటి ఏడాదిలో అయిదు పెద్ద కంపెనీల్లోనే కనీసం 59,000 మంది కార్మికులకు జబ్బు సోకింది, 269 మంది మరణించారు. మళ్లీ అటువంటి మహమ్మారి వస్తే, కార్మికుల ముందు నుంచి మాంసం కదిలిపోయే లైను వేగం తగ్గించి మనుషుల మధ్య ఎడం పెంచడాన్ని చట్టమే తప్పనిసరి చేయాలా, లేక యాజమాన్యాల విచక్షణకు వదిలేయాలా?

లెక్కలమాస్టారు:
ఉత్పత్తి విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను. వేగం తగ్గించడమంటే మీట తిప్పడమే అనుకునేవారికి లైను వెనుక ఏముందో తెలియదు. కోత లైను మందగిస్తే చల్లబరిచే గది నిండిపోతుంది, అది నిండితే కబేళా ఆగుతుంది, కబేళా ఆగితే రైతు దొడ్డిలో పశువు బరువు పెరుగుతూనే ఉంటుంది. 2020 వసంతంలో అమెరికాలో ప్లాంట్లు మూతపడినప్పుడు, అమ్ముకోలేని పందులను రైతులు తామే చంపి పాతిపెట్టవలసి వచ్చింది. అడ్డుతెరలు, మాస్కులు, గేటు దగ్గర జ్వరం పరీక్ష ఉంటే చాలు. జబ్బు వచ్చింది లైను మీద నుంచి కాదు, ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకోవడం వల్ల, ఒకే వ్యానులో కిక్కిరిసి రావడం వల్ల.

కత్తిపీట:
మాస్టారు గారూ, ఎముక తీసే లైను మీద మూడేళ్లు నిలబడ్డాను. మీరు చెప్పే అడ్డుతెర మా ఇద్దరి మధ్య వేలాడదీసిన ప్లాస్టిక్ షీటు. యంత్రాల హోరులో పక్కవాడి మాట వినపడదు కాబట్టి, కత్తి మొద్దుబారిందని చెప్పాలన్నా ఆ షీటు పక్కనుంచి తల పెట్టి అతని చెవిలో అరవవలసిందే. ఆ చలికి, ఆ తడికి మాస్కు గంట తిరగకుండానే ముక్కుకు అతుక్కుపోతుంది. కొత్తది కావాలంటే చెయ్యెత్తి, నా చోట నిలబడే మనిషి వచ్చేదాకా ఆగాలి. లైను ఆ వేగంతో నడుస్తున్నప్పుడు ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తాడు?

పశువైద్యురాలు:
ఇద్దరూ గాలిని మరిచిపోతున్నారు. జర్మనీలోని రేడా-వీడెన్‌బ్రుక్‌లో టోనీస్ ప్లాంటును పరిశీలించిన శాస్త్రవేత్తలు, కోత గదిలో ఒక కార్మికుడి నుంచి 8 మీటర్ల దూరంలో ఉన్నవారికి కూడా వైరస్ చేరిందని 2020లోనే చెప్పారు. 10 డిగ్రీల చలిలో, బయటి గాలి దాదాపు కలవకుండా, లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతున్న గది అది. అక్కడ ఆరడుగుల ఎడం ఏ మూలకు?

లెక్కలమాస్టారు:
ఒక్క ప్లాంటు, ఒక్క గది. ఆ పరిశోధకులే, కలిసి ఉండే ఇళ్లూ కలిసి చేసే ప్రయాణాలూ కొంత కారణమై ఉండవచ్చని కూడా రాశారు. అంటే నేను మొదట చెప్పిన మాటే.

పశువైద్యురాలు:
కొంత అన్నారు, అంతా అనలేదు.

పాతమిత్రుడు:
కోవిడ్‌తో నలుగురు కార్మికులు చనిపోయిన అమెరికాలోని సూ ఫాల్స్ మాంసం ప్లాంటుకు అక్కడి కార్మిక భద్రతా సంస్థ వేసిన జరిమానా 13,494 డాలర్లు. ఇక విచక్షణకు వదిలేయడం గురించి చర్చ దేనికి?

కత్తిపీట:
ఎనిమిదిమందిని ఒకే గదిలో పెట్టింది ఎవరో మాస్టారు గారు చెప్పలేదు. మాకు ఆ గది చూపింది కాంట్రాక్టరే, దాని అద్దె మా కూలిలోంచి పట్టుకున్నది కూడా అతనే. గేటు దగ్గర జ్వరం పరీక్ష సంగతి కూడా వినండి. మా ప్లాంటులో నెలంతా మానకుండా వస్తే హాజరు బోనసు ఉండేది, ఒక్క రోజు మానితే మొత్తం పోయేది. నెలాఖరుకు నాలుగు రోజులుందనగా నాకు ఒళ్లు కాలింది. తెల్లవారుజామున రెండు పారాసెటమాల్ మాత్రలు వేసుకుని బయలుదేరాను. గేటు దగ్గరకు చేరేసరికి జ్వరం దిగింది, నుదుటికి తుపాకీలా పెట్టే ఆ పరికరం పచ్చదీపం చూపించింది. వ్యానులో సగం మంది జేబుల్లో అవే మాత్రలు.

లెక్కలమాస్టారు:
అంటే జ్వరం దాచుకుని లోపలికి వచ్చింది మీరే! పక్కవారికి అంటించి, ఇప్పుడు లైను వేగం మీదా కంపెనీ మీదా నెపం వేస్తున్నారు. ఇటువంటివారిని చూసీ చూసీ విసిగిపోయాను.

కత్తిపీట:
నా పక్కన నిలబడినవాడు పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. నావల్లనేమో అన్న అనుమానం నన్ను ఈనాటికీ వదల్లేదు, మీరు కొత్తగా చెప్పనక్కరలేదు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత నిందలు ఆపండి. లేకపోతే చర్చను మూసివేయవలసి వస్తుంది.

లెక్కలమాస్టారు:
ఆ మాట తొందరపడి అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా అనుభవం కూడా వినండి. జబ్బు సెలవుకు పూర్తి జీతం ఇవ్వాలని ఆ రోజుల్లో పైవారితో పోట్లాడి ఒప్పించింది నేనే. రెండో సోమవారం రెండు వందల మంది షిఫ్టులో అరవైమంది రాలేదు. అందులో సగానికి సగం ఆరోగ్యంగా ఉన్నారని నాకు ఖాయంగా తెలుసు. వచ్చినవాళ్లు ఇద్దరి పని ఒక్కరు చేశారు, మూడో వారంలో ఆ సెలవును నేనే రద్దు చేయించాను. వేగం తగ్గించమని చట్టం చేస్తే చేయండి. ఇంట్లో కూర్చున్నవారికి జీతమివ్వమంటే మాత్రం ఏ ప్లాంటూ నడవదు.

కత్తిపీట:
అసలు సంగతి ఇప్పుడు బయటికి వచ్చింది. నాలుగు రోజులుగా మనం కొట్లాడుతున్నది వేగం గురించి కాదు. మేము జబ్బుతో వస్తే మీకు భయం లేదు, జబ్బని అబద్ధం చెబుతామనే మీ భయమంతా. ఆ సోమవారం రాని సగం మంది, ప్లాంటులో జబ్బు అంటుకుంటుందేమోనని భయపడి మానేశారని మీకు తోచలేదా?

లెక్కలమాస్టారు:
తోచింది. భయానికి జీతమివ్వడానికి నా దగ్గర పద్దు లేదు. పోనీ, పరీక్ష ఫలితం వచ్చేదాకా జీతం ఇద్దాం. జబ్బు లేదని తేలితే ఆ డబ్బు ఎవరు తిరిగి కడతారు?

కత్తిపీట:
ఎవరూ కట్టనక్కరలేదు. కత్తులకు సాన పట్టించడానికి అయ్యే ఖర్చు ఏ పద్దులో రాస్తారో అందులోనే రాయండి.

చదువరి:
జర్మనీ 2021 జనవరి 1 నుంచి ఈ పరిశ్రమలో వధకూ కోతకూ కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదని చట్టం చేసింది. సొంత ఉద్యోగులైతే మాస్టారు గారి అనుమానం తగ్గేదా?

లెక్కలమాస్టారు:
ఆ అరవైమందీ మా సొంత ఉద్యోగులే.

పశువైద్యురాలు:
గాలి సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.