మిషెల్ ఒబామా లాయరు వృత్తి వదిలింది భర్త కోసమేనా?

గోదారిగట్టు (ప్రశ్న):
నమస్కారం. మిషెల్ ఒబామా ప్రిన్స్‌టన్‌లోనూ హార్వర్డ్ లా స్కూల్‌లోనూ చదివి, షికాగోలో పేరున్న న్యాయసంస్థలో పనిచేసినవారు. భర్త రాజకీయాల కోసమే ఆమె వృత్తిని వదులుకున్నారని మా బంధువుల్లో చాలామంది అంటారు. లైసెన్సు రద్దయిందని వాట్సాప్‌లో కూడా తిరుగుతూ ఉంటుంది. ఆమె నిజానికి ఎప్పుడు, ఎందుకు మానేశారు? జీతం గానీ, రాజ్యాంగంలో ప్రస్తావన గానీ లేని ప్రథమ మహిళ స్థానంలో ఆమె చేయగలిగిందేమిటి? లా చదువుతున్న మా అమ్మాయి అడుగుతోంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

నల్లకోటు:
తేదీలు చూస్తే ఆ మాట నిలవదండీ. ఆమె 1988లో హార్వర్డ్ పట్టా పుచ్చుకుని సిడ్లీ అండ్ ఆస్టిన్ సంస్థలో చేరారు. మరుసటి ఏడు వేసవిలో అక్కడికి శిక్షణకు వచ్చిన ఒబామాకు పని నేర్పే బాధ్యతను సంస్థ ఆమెకే అప్పగించింది. పరిచయం అలా మొదలైంది. ఆ తరువాత కొద్దికాలంలోనే ప్రిన్స్‌టన్‌నాటి ఆప్తమిత్రురాలు క్యాన్సర్‌తో పోయారు, 1991లో తండ్రి కన్నుమూశారు. ఆయన నగర నీటిశుద్ధి కేంద్రంలో కార్మికుడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వల్ల ఊతకర్రలు లేనిదే నడవలేని స్థితి వచ్చినా డ్యూటీ మానలేదు. ఆ దుఃఖంలోనే, తాను చేస్తున్న పనిలో తృప్తి లేదని తేల్చుకున్న ఆమె, జీతం బాగా తగ్గుతుందని తెలిసి కూడా 1991లో షికాగో మేయరు కార్యాలయంలో చేరారు. పెళ్ళి జరిగింది 1992 అక్టోబరులో. ఒబామా తొలి ఎన్నిక గెలిచింది 1996లో. ఇక లైసెన్సు సంగతి. ప్రాక్టీసు చేయని లాయరు షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో తన పేరును స్వచ్ఛందంగా ఇన్‌యాక్టివ్ జాబితాలోకి మార్చుకోవచ్చు. ఆమె చేసింది అదే, అందులో శిక్ష ఏమీ లేదు. భర్త కోసం ఆమె నిజంగా వదులుకున్నది షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వైస్ ప్రెసిడెంట్ ఉద్యోగం. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

డాలస్_అమ్మ:
రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. ఆమె 2010 ఫిబ్రవరిలో పిల్లల ఊబకాయం మీద ‘లెట్స్ మూవ్’ ఉద్యమం మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబరులో బడి భోజనాల చట్టం వచ్చింది. కొత్త నియమాలు 2012లో అమలయ్యాక, పిల్లవాడి ట్రేలో కనీసం అర కప్పు పండో కూరగాయో లేకపోతే ఆ భోజనానికి బడికి కేంద్రం డబ్బు రాదు. చట్టం చేసింది కాంగ్రెస్సే (అమెరికా పార్లమెంటు) అయినా, ఒప్పించే పనిలో ఆమె పాత్ర పెద్దది. అయితే ఆ ఖర్చులో కొంత పేదలకు తిండి కొనుక్కోవడానికి ఇచ్చే ఫుడ్ స్టాంపుల నిధుల నుంచి కోసి తెచ్చారు, సొంత పార్టీ సభ్యులే దానికి అభ్యంతరం చెప్పారు. ఆమెను మెచ్చుకునేవారు ఈ సంగతి దాటవేయడం నాకు నచ్చదు.

నల్లకోటు:
మీ అమ్మాయిని 1993 నాటి హిల్లరీ క్లింటన్ కేసు తప్పక చదవమనండి. ఆమె కూడా లాయరే, యేల్‌లో చదివారు. ఆరోగ్య సంస్కరణల బృందానికి భర్త ఆమెను అధ్యక్షురాలిగా పెట్టారు. ప్రభుత్వోద్యోగి కాని మనిషి ఉన్న బృందం సమావేశాలు సలహా సంఘాల చట్టం ప్రకారం బహిరంగంగా జరగాలంటూ వైద్యుల సంఘం ఒకటి దావా వేసింది. అధ్యక్షుడి జీవిత భాగస్వామికి విధుల్లో సహాయపడే సిబ్బందిని అనుమతించే 1978 నాటి చట్టాన్ని కూడా పరిగణించి, ఆ సలహా సంఘాల చట్టం మేరకు ప్రథమ మహిళను ప్రభుత్వాధికారిగానే చూడవచ్చని వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. దావా ఎలా ముగిసినా, 1994లో ఆ సంస్కరణ కాంగ్రెస్సులో వీగిపోయింది. మిషెల్ అలాంటి అధికారిక పీఠం జోలికి పోకపోవడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

గోదారిగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా తణుకు దగ్గరి వడ్లూరు మూలాలున్న ఉషా వాన్స్ కూడా లాయరే కదా, ఆమె విషయం ఏమిటి?

నల్లకోటు:
ఆమె ద్వితీయ మహిళ, అంటే అమెరికా ఉపాధ్యక్షుడి భార్య. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ దగ్గర లా క్లర్కుగా, అంటే తీర్పుల పనిలో సాయపడే యువ లాయరుగా చేసినవారు. 2024 జులైలో భర్తకు ఉపాధ్యక్ష అభ్యర్థిత్వం దక్కిన రోజునే న్యాయసంస్థను వదిలారు. మీ బంధువులు చెప్పే మాట మిషెల్ కంటే ఈమెకే ఎక్కువ వర్తిస్తుంది.