థెరపీ గదిలో చెప్పిన మాట కుటుంబానికి ఎంతవరకు చేరాలి?

బెజవాడ సైకాలజిస్ట్ (చర్చ ప్రారంభం):

నేను విజయవాడలో కౌమార వయసు పిల్లలతో పనిచేస్తున్నాను. ఈ వృత్తిలో కష్టమేమిటని అడిగితే, రోజంతా ఇతరుల బాధ వినడమేనని బయటివారు అనుకుంటారు. వినడం మాకు నేర్పిన పని. దాని వల్ల కలిగే అలసటకు సెలవులూ, సీనియర్ల దగ్గర తీసుకునే సూపర్‌విజన్ వంటి మార్గాలూ ఉన్నాయి. నాకు ప్రతిరోజూ ఎదురయ్యే అసలు కష్టం సెషన్ ముగిసి తలుపు తీసిన తరువాతే మొదలవుతుంది. కొడుకు చెప్పులు వేసుకునేలోగా తల్లి దగ్గరకు వచ్చి "ఏం చెప్పాడమ్మా?" అని అడుగుతారు. సాయంత్రం తండ్రి ఫోన్ చేస్తారు. ఫీజు సర్దుబాటు చేసిన మేనమామ రాత్రి వాట్సాప్‌లో అదే ప్రశ్న పంపుతారు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. ప్రాణానికి అపాయం ఉన్నప్పుడు, పిల్లవాడి మీద గాని అతని వల్ల గాని హింస జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, లైంగిక వేధింపు బయటపడినప్పుడు మౌనంగా ఉండకూడదు. అవి తప్ప గదిలో మాట్లాడుకున్న విషయాలను పిల్లవాడి అంగీకారం లేకుండా తల్లిదండ్రులకు చెప్పకూడదు. చికిత్స ఏ దారిలో నడుస్తున్నదో, ఇంట్లో ఏమి మారితే మేలో మాత్రం వారికి తప్పక చెప్పాలి. ఈ గీత ఎక్కడ గీయాలో తల్లిదండ్రులూ, తోటి వృత్తివారూ తమ అనుభవం నుంచి చెప్పాలని కోరుతున్నాను.

ఇంటర్ విద్యార్థిని తండ్రి:

అమ్మా, మీ నిజాయితీని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మా అమ్మాయి వయసు పదిహేడు. వారంలో ఒక గంట మీ వంటివారి ఎదుట కూర్చుంటుంది. మిగిలిన గంటలన్నీ మా ఇంట్లో, మా కళ్ల ముందు గడుస్తాయి. ఆ గంటలో మీకు తెలిసినది మాకు తెలియకపోతే, మేము ఏ మాట అనడం వల్ల ఆమె కుంగిపోతున్నదో తెలియకుండా అదే మాట మళ్లీ మళ్లీ అంటూ ఉంటాము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు చదివిన ఏ తల్లీ తండ్రీ ఫలితాల నెలలో నిశ్చింతగా నిద్రపోలేరు. ఆ ఇళ్లలో కూడా పిల్లలు ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెప్పే ఉంటారు. విన్నవారు మౌనంగా ఉండిపోతే ఆ బరువు ఎవరి మీద పడుతుంది?

ఫీజు కడుతున్నాము కాబట్టి అడిగే హక్కు మాకున్నదని నేను అనడం లేదు. పెంచుతున్నాము కాబట్టి అడుగుతున్నాము.

ఒకప్పటి క్లయింట్:

ఆయన భయం నాకు అర్థమవుతున్నది. అయినా రెండో వైపు నుంచి చెప్పాలి. పదహారేళ్ల వయసులో నన్ను ఒక థెరపిస్ట్ దగ్గరకు తీసుకువెళ్లారు. రెండు మూడు సెషన్లు గడిచాక ఆవిడ మీద నమ్మకం కుదిరి, తరగతిలో ఒకరి మీద ఇష్టం ఉన్న సంగతి చెప్పాను. ఆ వారంలోనే ఆ మాట మా అమ్మకు చేరింది. ఆవిడ చెడు ఉద్దేశంతో చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. తల్లికి తెలిస్తే మంచిదని నమ్మి ఉంటారు. ఇంట్లో నా ఫోన్ తీసుకున్నారు, హాస్టల్ మార్చారు.

ఆ తరువాత కూడా అదే గదికి వెళ్లాను, అదే కుర్చీలో కూర్చున్నాను, "చదువు ఒత్తిడి" అన్న మాట తప్ప మరొకటి చెప్పలేదు. నేను కుదుటపడుతున్నానని ఆవిడ రాసుకున్నారు. ఆ నెలల్లోనే నన్ను నేను గాయపరచుకోవాలన్న ఆలోచన నాలో బలపడింది. అది ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే చెప్పదగిన ఒకే ఒక చోటు అప్పటికే మూసుకుపోయింది. తండ్రిగారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే: చిన్న మాట బయటకు పొక్కితే, పిల్లలు దాచిపెట్టేది పెద్ద మాటను.

న్యాయవాది, హైదరాబాద్:

చర్చ కొంత దూరం వచ్చింది కాబట్టి చట్టం ఏమంటున్నదో ఇక్కడ చెప్పడం అవసరం. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి గోప్యత హక్కు ఇచ్చింది. మినహాయింపులనూ అదే సెక్షన్ చెప్పింది: నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స విషయంలో రోగి తరఫున నిలబడే వ్యక్తి) తన బాధ్యత నెరవేర్చడానికి, ఇతర వైద్యులు చికిత్స చేయడానికి, ప్రాణాపాయాన్ని తప్పించడానికి, మరొకరిని హింస నుంచి కాపాడటానికి సమాచారం ఇవ్వవచ్చు. మరొకరిని కాపాడటానికి చెప్పేటప్పుడు కూడా ఆ ప్రమాదాన్ని తప్పించడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలి. పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో సాధారణంగా చట్టబద్ధ సంరక్షకులే నామినేటెడ్ ప్రతినిధి. కాబట్టి తండ్రిగారికి చట్టంలో స్థానం ఉన్నది. అయితే అది సంరక్షణ బాధ్యతకు ముడిపడిన స్థానం. ప్రతి సంభాషణనూ తెలుసుకునే హక్కుగా దానిని చదవలేము.

ఇందులో పెద్ద లోటు ఒకటి ఉన్నది. ఆ చట్టం చెప్పే మానసిక ఆరోగ్య నిపుణుల జాబితాలో సైకియాట్రిస్టులు, నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ నర్సులు, సోషల్ వర్కర్లు ఉన్నారు. ఎం.ఏ. సైకాలజీ చదివి కౌన్సెలర్లుగా పనిచేస్తున్న వేలాది మంది అందులోకి రారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఇతర సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ తన పరిధిలోకి తెచ్చింది. దాని కింద నమోదు వ్యవస్థ పూర్తిగా నిలదొక్కుకునే వరకు వారి గోప్యత ప్రధానంగా వారి మనస్సాక్షి మీదా, క్లయింటుతో రాసుకున్న సమ్మతి పత్రం మీదా ఆధారపడి ఉంటుంది.

ఇక పోక్సో చట్టం, 2012 విషయం. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. థెరపిస్టుకు దీనిలో మినహాయింపు లేదు. పదిహేడేళ్ల అమ్మాయి తన ఇష్టంతోనే ఉన్న సంబంధం గురించి చెప్పినా, చట్టం దృష్టిలో ఆ వయసులో సమ్మతికి విలువ లేదు.

బెజవాడ సైకాలజిస్ట్:

న్యాయవాదిగారు చివర ప్రస్తావించిన అంశమే మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా నలిపే అంశం. పిల్ల నోరు తెరిచి సగం చెప్పగానే, మిగతా సగం వినాలా లేక ముందే హెచ్చరించాలా అన్న నిర్ణయం క్షణంలో తీసుకోవాలి. అందుకే మొదటి సెషన్‌లోనే, సమస్య గురించి ఒక్క మాట అడగకముందే, ఏయే విషయాలు నేను దాచలేనో తల్లిదండ్రుల ఎదుటే పిల్లలకు చెబుతాను. పోక్సో సంగతి కూడా పేరు పెట్టి చెబుతాను. దీని వల్ల కొందరు పిల్లలు కొన్ని విషయాలు ఎప్పటికీ చెప్పరని నాకు తెలుసు. తెలియకుండా చెప్పించి తరువాత పోలీస్ స్టేషన్‌కు తీసుకువెళ్లడం కంటే అది మేలనే నా నమ్మకం.

కళాశాల కౌన్సెలర్:

తల్లిదండ్రుల గురించే మాట్లాడుతున్నాము. నా జీతం ఇచ్చేది యాజమాన్యం. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, 2025 జులైలో సుప్రీం కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ తీర్పును నేను హృదయపూర్వకంగా స్వాగతించాను. కాని నియమించిన తరువాత కౌన్సెలర్ ఎవరికి జవాబుదారీగా ఉండాలి అన్న ప్రశ్న మా గదుల్లో రోజూ ఎదురవుతూనే ఉన్నది.

ఏ సెక్షన్‌లో ఎవరు "వీక్"గా ఉన్నారో పేర్లతో జాబితా ఇవ్వమని అడుగుతారు. కేస్ నోట్స్ ఉంచిన అల్మారా తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. స్టడీ అవర్‌లో ఒక అమ్మాయి లేచి నా గదివైపు నడిస్తే, ఆ వరుసలోని వారందరికీ ఆమె ఎక్కడికి వెళుతున్నదో తెలుస్తుంది. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులకు ఫోన్లు చేసే పని కూడా నాకే అప్పగిస్తారు. నిన్న ఫోన్‌లో సీటు గురించి మాట్లాడిన గొంతుతోనే నేడు "నీ మాట బయటకు పోదు" అని చెబితే ఆ పిల్ల ఎలా నమ్మాలి? తండ్రిగారు అడిగే సమాచారం ప్రేమతో అడిగేది. నన్ను అడిగే సమాచారం చాలాసార్లు ర్యాంకు కోసం, కళాశాల పేరు కోసం అడిగేది. రెంటికీ ఒకే నియమం సరిపోదు.

ప్రభుత్వ వైద్యుడు:

సైకియాట్రిస్టుగా కొంత భిన్నమైన మాట చెప్పదలచుకున్నాను. కుటుంబాన్ని గది బయట కూర్చోబెట్టే పద్ధతి మన దేశంలో మానసిక వైద్యం నడిచిన దారి కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో గుడారాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు కుటుంబ సభ్యుడు ఉండే పద్ధతి ఎన్నో ఏళ్లుగా కొనసాగుతున్నది. అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్న యువకుడికి నిద్ర తగ్గుతున్నదనీ, మాట వేగం పెరుగుతున్నదనీ మొదట గమనించేది అన్నం వడ్డించే తల్లి. ఆ వ్యాధికి వాడే లిథియం మాత్రలు మానేశాడని తెలిసేది కూడా ఆమెకే. ఆమెకు ఏమీ చెప్పకపోతే రోగికే నష్టం.

ఇంకొక మాట. నా ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో తల్లీ కొడుకూ పక్కపక్కనే ఉంటారు. ఇక్కడ చర్చిస్తున్న గోప్యత చాలామందికి అందని సౌకర్యమని గుర్తుంచుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులో మాట్లాడవచ్చని నేను రోగులకు చెబుతుంటాను. ఇంట్లో ఏకాంతంగా ఫోన్ చేసుకునే చోటు ఎంతమందికి ఉన్నదో ఆలోచించండి.

బెజవాడ సైకాలజిస్ట్:

డాక్టర్‌గారు చెప్పిన వ్యాధుల విషయంలో నాకు అభ్యంతరం లేదు. మందుల వివరాలు, వ్యాధి తిరగబెట్టే గుర్తులు కుటుంబానికి తెలియాలి. అయితే నిద్ర తగ్గిందని చెప్పడం వేరు, ఆ రాత్రులు మెలకువగా ఉండి అతడు ఏమి ఆలోచించాడో చెప్పడం వేరు. మొదటిది సంరక్షణకు కావాలి. రెండోది అతని సొంతం.

డాలస్ నుంచి ఒక కొడుకు:

నా ప్రశ్న తలకిందులుగా ఉంటుంది, మన్నించండి. నాన్నగారు పోయాక గుంటూరులో ఒంటరిగా ఉంటున్న అమ్మకు ఆన్‌లైన్ సెషన్లు ఏర్పాటు చేశాను. ఫీజు నేనే కడుతున్నాను. అమ్మ ఎలా ఉన్నారని అడిగితే థెరపిస్ట్ ఏమీ చెప్పనన్నారు. దూరాన ఉన్న కొడుక్కి అంతమాత్రం కూడా తెలియకూడదా?

బెజవాడ సైకాలజిస్ట్:

అమ్మగారు పెద్దవారు, తన గురించి తాను నిర్ణయించుకోగలవారు. కాబట్టి ఆ థెరపిస్ట్ చేసింది సరైన పనే. దీనికి దారి అమ్మగారి దగ్గరే ఉన్నది. కొడుక్కి ఏమేమి చెప్పవచ్చో ఆవిడ రాసి సంతకం చేస్తే, థెరపిస్ట్ అంతవరకు చెప్పగలరు. ముందుగా మీరు అమ్మగారినే అడగండి. థెరపిస్టును అడిగిన సంగతి ఆవిడకు మరొకరి ద్వారా తెలియడం మంచిది కాదు.

ఇంటర్ విద్యార్థిని తండ్రి:

అందరి మాటలూ చదివాను. ఒకప్పటి క్లయింటుగారు రాసినది చదివాక, ప్రతి మాటా తెలియాలన్న పట్టుదల నాలో తగ్గింది. కాని ఒక సందేహం తీరలేదు. ప్రమాదం ఉంటే చెబుతామంటున్నారు. ప్రమాదమని నిర్ణయించేది ఎవరు? ఆ వయసు పిల్లల్లో "బతకాలని లేదు" అనని వారెవరు?

బెజవాడ సైకాలజిస్ట్:

సరైన ప్రశ్న అడిగారు. ఆ మాట విన్నప్పుడు మేము సూటిగానే అడుగుతాము. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆలోచన వచ్చి పోతున్నదా, నిలిచి ఉన్నదా, ఎలాగో ఎప్పుడో అనుకున్నదా, అందుకు కావలసినవి అందుబాటులో ఉన్నాయా, గతంలో ఎప్పుడైనా ప్రయత్నించిందా, ఇప్పుడు ఆమెను ఆపుతున్నది ఏది అన్న విషయాలు ఒక్కొక్కటిగా తెలుసుకుంటాము. సందేహం ఉంటే అదే రోజు సీనియర్‌తో మాట్లాడి, సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపుతాము. ప్రమాదం ఉన్నదని తేలితే ఆమెను గదిలో ఉంచే మిమ్మల్ని పిలుస్తాము. ఎవరు మొదట చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్నది ఆమెనే ఎంచుకోమంటాము. ఆమె వెనుక మీకు ఫోన్ చేయడం చివరి మార్గం.

అప్పుడు మీకు ఆమె మనసులోని మాటలన్నీ చెప్పము. ఇంట్లో పురుగుమందు, మాత్రలు ఉంటే తీసివేయమనీ, రాత్రి ఒంటరిగా ఉంచవద్దనీ, కొన్నాళ్లు మార్కుల ప్రస్తావన తేవద్దనీ స్పష్టంగా చెబుతాము. మీరు మొదట రాసిన భయం, ఆమెను కుంగదీసే మాటే తెలియక మళ్లీ అంటామన్నది, దీనితో చాలావరకు తీరుతుందనుకుంటున్నాను.

న్యాయవాది, హైదరాబాద్:

ఒక ఆచరణాత్మక విషయం మిగిలింది. అమ్మాయికి పద్దెనిమిది నిండగానే సంరక్షకులుగా మీకున్న స్థానం ముగుస్తుంది. ఆపైన నామినేటెడ్ ప్రతినిధిని ఆమె స్వయంగా ఎంచుకోవచ్చు.

బెజవాడ సైకాలజిస్ట్:

అవును. అందుకే ఆ పుట్టినరోజు తరువాత వచ్చే మొదటి సెషన్‌లో పాత సమ్మతి పత్రాన్ని పక్కన పెట్టి, ఆమె సంతకంతో కొత్తది రాయిస్తాను. ఎవరికి ఏమి చెప్పవచ్చు అన్న గడిని ఆమెనే నింపమంటాను. చాలామంది అక్కడ అమ్మ పేరు రాస్తారు, కొందరు నాన్న పేరు రాస్తారు, కొందరు ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా వదిలినవారి తల్లిదండ్రులకు ఆ సంగతి ఎలా చెప్పాలి అన్నదానికి నా దగ్గర ఇంకా సరైన పద్ధతి లేదు. తోటి థెరపిస్టులు మీరేమి చేస్తున్నారో రాయండి.