రాష్ట్రపతి సంతకానికి గడువు ఉండాల్నా, వద్దా?

నకిరేకల్ పోరడు:
2025 మార్చిల మన తెలంగాణ అసెంబ్లీ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు పాస్ చేసింది. గవర్నర్ రాష్ట్రపతికి పంపిండు. ఔననలే, కాదనలే. డిసెంబర్‌ల సర్పంచ్ ఎన్నికలు మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండనే అయిపోయినయి. మా ఊర్ల సీటు బీసీకే వస్తదని ఒకాయన దసరాకు వాడవాడకు యాటలు కోయించిండు, సీటేమో జనరల్ అయింది. రబ్బరు స్టాంపు అంటరు గదా, స్టాంపైనా ఏదో ఒక దిక్కు పడాలె గదా!

పాలమూరు వకీలు:
తమ్మీ, పార్లమెంటు బిల్లు వేరు, రాష్ట్రం బిల్లు వేరు. 2006ల కలాం గారు లాభదాయక పదవుల బిల్లు వాపస్ పంపిండు, పార్లమెంటు మళ్ల పాస్ చేసింది, సంతకం పెట్టక తప్పలే. అది రాజ్యాంగంల 111వ అధికరణం. మనది 201. వాపస్ వస్తే అసెంబ్లీ ఆరు నెలల్ల మళ్ల చూడాలె. మళ్ల పాస్ చేసినా రాష్ట్రపతి ఒప్పుకోవాల్నని ఎక్కడా లేదు. అసెంబ్లీకి గడువు రాసినోళ్లు పై కుర్చీకి రాయలే, చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తది. తమిళనాడు బిల్లుల కేసుల సుప్రీంకోర్టు రాష్ట్రపతి మూడు నెలల్ల తేల్చాలన్నది గానీ, 2025 నవంబర్‌ల ఐదుగురు జడ్జీలు గట్ల గడువు పెట్టరాదని తేల్చిన్రు. కావాల్నంటే ఇగ రాజ్యాంగ సవరణే.

మిర్యాలగూడ సారు (రిటైర్డ్):
గడువు వద్దు బాబూ. 1986లో జనం ఉత్తరాలు ఆపి చూసే అధికారం సర్కారుకు పెంచుతూ పోస్టాఫీసు సవరణ బిల్లు వచ్చింది. అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ గారు సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు. అది చట్టమే కాలేదు. తొందర సంతకం సంగతి కూడా చూసినం. 1975 జూన్ 25 రాత్రి, కేబినెట్ కూర్చోకముందే ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పడ్డది. కేబినెట్ రాతపూర్వకంగా చెప్పాలనే షరతు 1978లో, 44వ సవరణతో గానీ రాలేదు.

నకిరేకల్ పోరడు:
సారూ, జైల్ సింగ్ ఆపింది ఢిల్లీ సర్కారుకు ఎదురు నిలబడి. మా బిల్లు విషయంల రాష్ట్రపతి ఎవరి సలహా మీద నడవాలె? 74వ అధికరణం ప్రకారం కేంద్ర కేబినెట్‌దే గదా. అంటే గడువు రాష్ట్రపతికి కాదు, ఆ కేబినెట్‌కు అడుగుతున్న.

పాలమూరు వకీలు:
గిది పాయింటు. సలహా నచ్చకుంటే ఒక్కసారి తిప్పి పంపొచ్చు. 1997ల యూపీ మీద 356, అంటే రాష్ట్రపతి పాలన, పెట్టమంటే అప్పటి రాష్ట్రపతి నారాయణన్ గారు గట్లనే పంపిండు, కేబినెట్ వెనక్కి తగ్గింది. సలహానే రాకుంటే ఏం తిప్పి పంపుతరు?

దేవరకొండ ఆటో:
సంతకం పడ్డా కోర్టుల 50 శాతం గీత ఉండె గదన్నా. యాటలు ఎట్లయినా పోయేటియే.

నకిరేకల్ పోరడు:
పోనీ అన్నా, కోర్టుల ఓడితే ఓడితిమి. దసరాకు ముందే కాదని చెప్పినా, యాటలు కోయించినాయన అప్పు చేయకపోవు. గోడల మీద పేరు ఇంకా చెరపలే, ఎంపీటీసీకి పనికొస్తదంటుండు.