క్లస్టర్‌కు సొంతంగా మలచుకున్న ఓఎస్ కావాలా, మామూలు లినక్స్ చాలా?

మద్దిలపాలెం వాసి: మా విభాగంలో పదహారు యంత్రాల క్లస్టర్ (ఒకే లెక్కను పంచుకునేలా కలిపిన కంప్యూటర్లు) ఉంది. అలల ఎత్తును లెక్కగట్టే మా ప్రోగ్రాం ఎనిమిది యంత్రాల దాకా వేగం పుంజుకుని, పదహారుకు వచ్చేసరికి చతికిలబడుతోంది. అవసరానికి తగ్గట్టు మలచుకున్న ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) పెట్టడం మేలా, ఉన్న లినక్స్‌తో సర్దుకోవడం మేలా?

ఉక్కునగరం: మలచుకోవడమే మేలు. పెదజాలరిపేట ఒడ్డున వల లాగేవారిలో ఒక్కరు అడుగు తప్పినా వరుసంతా తడబడుతుంది; బారియర్ దగ్గర, అంటే యంత్రాలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగే చోట, ఒకదాన్ని ఓఎస్ సొంత పనులు ఆలస్యం చేస్తే జరిగేదీ అదే. 2003లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల పరిశోధకులు ఆస్కీ క్యూ సూపర్‌కంప్యూటరును పరిశీలించినప్పుడు, నోడుకు (అందులోని ఒక్కో యంత్రానికి) ఉన్న నాలుగు ప్రాసెసర్లలో మూడింటినే లెక్కకు వాడి నాలుగోదాన్ని ఓఎస్ పనులకు వదిలేస్తే, పెద్ద పరుగుల్లో ప్రోగ్రాం ఇంకా త్వరగా ముగిసింది.

గాజువాక అడ్మిన్: 2017 నవంబరు నుంచి అతివేగ సూపర్‌కంప్యూటర్ల టాప్500 జాబితాలోని ఐదు వందలూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇంకా వాదన దేనికి?

ఉక్కునగరం: ఆ జాబితా ఓఎస్ పేరు చెబుతుంది గానీ, దాన్ని ఎంత చెక్కారో చెప్పదు. జపాన్ సూపర్‌కంప్యూటర్ ఫుగాకులో లినక్స్ పక్కనే మెక్‌కెర్నెల్ అనే తేలికపాటి కెర్నెల్‌ను (ఓఎస్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని) నడపవచ్చు. ఐబీఎం పరిశోధన కోసం రాసిన కే42 అనే ఓఎస్‌లో వ్యవస్థ నడుస్తుండగానే దాని భాగాలను మార్చగలిగేవారు.

గాజువాక అడ్మిన్: ఆ కే42ను ఇప్పుడు ఎవరు వాడుతున్నారో చూపించండి.

సీతమ్మధార: నెట్‌వర్క్ లింకులు ఎంత వేగంతో ఉన్నాయో ముందు చూశారా?

ఉక్కునగరం: కే42 పోయినా ఆలోచన పోలేదు. లినక్స్ 6.12లో షెడ్యూలరును (ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే భాగాన్ని) రీబూట్ లేకుండానే మార్చుకునే సదుపాయం చేర్చారు. కెర్నెల్‌లో ఒక్క వరుసైనా రాసినవారికి ఈ తేడా తెలుస్తుంది.

గాజువాక అడ్మిన్: రాయలేదు, నిజమే. రాసినవారు వెళ్లిపోయాక దాన్ని మోసినవాణ్ణి నేను. పూర్వం నేను పనిచేసిన చోట ఒకాయన షెడ్యూలరును తిరగరాసి ఆ ఏడాదే ఉద్యోగం మారారు. హుద్‌హుద్ తర్వాత కరెంటు వచ్చాక కాలిపోయిన డిస్క్ కంట్రోలరును మారిస్తే, ఆ పాత కెర్నెల్‌కు కొత్తదాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాం లేదు. ర్యాక్‌కు అంటించిన కాగితంపై ‘సందేహముంటే నన్ను అడగండి’ అని ఉంది; దాని కింది నంబరు పనిచేయలేదు.

ఉక్కునగరం: నేను ఎనిమిది నెలలు శ్రమించి రాసిన కెర్నెల్‌ను, ఎంత వేగం వచ్చిందో కొలవకుండానే, ‘రేపు ఎవరు చూసుకుంటారు’ అన్న ఒక్క మాటతో పక్కన పడేశారు. మీరంటున్నదీ ఆ మాటే.

గాజువాక అడ్మిన్: అదే అంటున్నాను. ఆ మాటకు మీ దగ్గర జవాబుందా?

మద్దిలపాలెం వాసి: సీతమ్మధార గారు అడిగాక చూస్తే పదకొండో యంత్రం లింకు 100 మెగాబిట్ల దగ్గరే ఆగి ఉంది, కేబుల్ మార్చాను. చతికిలబాటు చాలావరకు తగ్గింది. మిగిలినదానికి రేపు యంత్రానికొక కోరును (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక భాగాన్ని) ఓఎస్‌కు వదిలి చూస్తాను.

గాజువాక అడ్మిన్: ఆ మార్పు ఏ ఫైలులో చేశారో మాత్రం రాసిపెట్టండి.