గంటస్తంభం దగ్గర షాపు: రోడ్డు వెడల్పులో పోయే జాగాకి టీడీఆర్ బాండా, డబ్బా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మాకో పాత పెంకుల షాపు ఉంది, 10 అడుగుల ముఖం, 24 అడుగుల లోతు, సొంత దస్తావేజే. రోడ్డు వెడల్పు కోసం ముందు నుంచి 8 అడుగుల దగ్గర ఎర్ర గీత పెట్టారు. జాగా రాసిచ్చేస్తే టీడీఆర్ బాండు (జాగాకి బదులుగా అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు, వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు) ఇస్తామంటున్నారు, డబ్బు మాటెత్తితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కావాలని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. పోనీ బాండు తీసుకుని అమ్ముకుందామని తెలిసిన బిల్డర్లని అడిగితే, ఇక్కడ అదనపు అంతస్తులు వేసేవాళ్లెవరండీ, విశాఖలో అయితే చూడొచ్చు అన్నారు. లాయరుగారేమో సంతకం పెట్టకండి, చట్టం ప్రకారం సేకరిస్తే సెక్షన్ 94 కింద ముక్క కాదు, బిల్డింగ్ మొత్తం తీసుకోమని అడగొచ్చు అంటున్నారు, కానీ దానికి ఏళ్లు పడుతుందేమోనని నాన్నగారి టెన్షన్. రోడ్డు వద్దని కాదు, సిరిమానోత్సవం రోజు ఆ ఇరుకు చూసినవాళ్లెవరూ వద్దనరు.

విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో రోడ్డు వెడల్పుకి ఇచ్చిన టీడీఆర్ బాండుని నిజంగా అమ్ముకున్నవాళ్లు ఉన్నారా, ఉంటే బాండు విలువలో ఎంత చేతికొచ్చింది?